నోరు విప్పే ఏడు

ఎల్‌కేజీ పిల్ల ఏడాది పొడుగునా ఏం నేర్చుకుందో ప్రోగ్రెస్ కార్డులో దొరకదు. అందులో ఇంగ్లీషు, లెక్కలు, రైమ్స్, డ్రాయింగు, కండక్టు అని గళ్ళుంటాయి. ఒక్కో గడిలో ఎ అనో బి ప్లస్ అనో వేస్తారు. మా మనవరాలి కార్డు చూసి మా అల్లుడు సంతోషించాడు, సంతోషించాల్సిందే. నేను ఉద్యోగకాలమంతా జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో తెలుగు చెప్పినదాన్ని. పిల్ల బడిలో చేరిన దగ్గర్నుంచీ కార్డుకెక్కని సంగతుల మీదే నా కన్ను.

అవి చాలానే ఉన్నాయి. టిఫిను డబ్బా మూత తనే తీసుకోవడం. ఏది ఎడమ బూటో ఏది కుడి బూటో చూసుకుని తొడుక్కోవడం. ఇంట్లో అడిగిందే తడవుగా అన్నీ చేతికందిన పిల్ల తన వంతు వచ్చేదాకా వరసలో నిలబడడం. మిస్సు తన వైపు చూడని సమయంలో కూడా తనను మరిచిపోలేదని నమ్మడం. ఈ చివరిది అన్నిటికంటే కష్టం. నాలుగేళ్ళ పిల్లకు తల్లి కనపడకపోతే తల్లి లేనట్టే. అలాంటిది ముక్కూ మొహం తెలియని పెద్దమనిషిని నమ్మి పొద్దుటి నుంచి మూడింటిదాకా కూర్చోవాలి. ఆ నమ్మకం కుదిరాకే అక్షరాలైనా అంకెలైనా లోపలికి వెళతాయి.

మాది కతోలిక కుటుంబం. మా అమ్మాయి వాళ్ళు గుంటూరులో ఉంటారు. వాళ్ళింటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే కాన్వెంటు ఉంది. ఈ ఊరికీ సిస్టర్ల బడులకూ ఉన్న అనుబంధం పాతది. హాలెండు నుంచి జె.ఎం.జె. సభ సిస్టర్లు 1904లో గుంటూరుకు వచ్చారు. అంతకుముందే 1849లో ఇప్పటి ఫ్రాన్సులోని ఆనెసీ నుంచి సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లు యానాంలో దిగి విశాఖపట్నం చేరారు. ఆడపిల్లకు చదువెందుకని ఇంటింటా అడిగే కాలంలో, ఈ ఎండల్లో, తెలియని భాషలో, ఆ ఆడవాళ్ళు బడులు పెట్టారు. తెలుగు దేశంలో కొన్ని వేల ఇళ్ళలో మొదట చదువుకున్న ఆడమనిషి వాళ్ళ చేతిలో పెరిగినావిడే. ఆ రుణం గుర్తుపెట్టుకునే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

కాన్వెంటులో నాకు ఎప్పటికీ నచ్చేది అక్కడి గంట. పన్నెండింటికి గుడి గంట మోగుతుంది. త్రికాల జపం వేళ అది. అన్నాల బల్లల దగ్గర కూర్చున్న పిల్లలు ఎక్కడి ముద్ద అక్కడ ఆపి లేచి నిలబడతారు. ఒకరోజు పిల్ల మరిచిపోయిన నీళ్ళ సీసా ఇవ్వడానికి వెళ్ళి వరండాలో నిలబడి చూశాను. అంతమంది పసిపిల్లలు కదలకుండా నిలుచున్నారు. ఒక పిల్లవాడి మూతికి పెరుగు అంటుకుని ఉంది, తుడుచుకోవాలని చెయ్యి లేపి మళ్ళీ దించేశాడు. మా మనవరాలి పక్కన నిలబడ్డ పాప నుదుట కుంకుమ బొట్టు, ఆ వెనక పిల్లవాడి మెడలో తాయెత్తు. అందరూ చేతులు జోడించారు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఏ పిల్లనూ పెద్దల సమ్మతి లేకుండా మత బోధనలో కూర్చోబెట్టకూడదు. ఆ బడి దాన్ని పాటిస్తుంది. జపం చెప్పేవాళ్ళు చెబుతారు, మిగతావాళ్ళు ఊరికే నిలబడతారు. ఇల్లు వేరు, బడి వేరు, రెంటికీ వేరువేరు పద్ధతులు ఉంటాయని, రెండింట్లోనూ తాను ఉండొచ్చని పిల్లలు అక్కడ నేర్చుకుంటారు. పెద్దవాళ్ళు భయపడినంత గందరగోళం పిల్లల్లో నేనెన్నడూ చూడలేదు.

చేతిరాత నేర్పే తీరు కూడా చెప్పాలి. జూన్ నెలంతా ఒక్క అక్షరం రాయించలేదు. స్టాండింగ్ లైను, స్లీపింగ్ లైను, స్లాంటింగ్ లైను, ఆ తరవాత వంకులు. నాలుగు గీతల పుస్తకంలో నిలువు గీత పైగీత నుంచి మొదలై కింది గీత దగ్గర ఆగాలి. పిల్ల నాలుక బయటపెట్టి, పెన్సిలు గుప్పిట్లో బిగించి, గీత ఆగాల్సిన చోటు రాగానే ఊపిరి బిగపట్టేది. పట్టు తప్పినప్పుడల్లా టీచరమ్మ వచ్చి చూపుడువేలు, బొటనవేలు, నడిమివేలు మధ్య పెన్సిలు మళ్ళీ సర్ది వెళ్ళేది. ఆగస్టుకి ఆ వేళ్ళు వాటంతటవే ఆ చోట్లకు వెళ్ళడం మొదలెట్టాయి. తొందరపడకుండా ఇంత ఓపికగా చెయ్యి తిప్పించే బడులు తక్కువ. సిస్టర్ల దగ్గర చదివినవాళ్ళ దస్తూరీ చూడగానే ఎందుకు తెలిసిపోతుందో అప్పుడు అర్థమైంది.

ఇంత బాగా చెయ్యి తిప్పించిన బడిలో పిల్ల నోరు మాత్రం మూతపడింది.

జులై నెలాఖరుకి డైరీలో రాసి పంపారు. పిల్ల తరగతిలో మాట్లాడడం లేదు, ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడండి అని రెండు వాక్యాలు. ఇంట్లో మాటల పుట్ట అది. పొద్దున పాలు తాగుతూ మొదలుపెడితే రాత్రి కళ్ళు మూతలు పడేదాకా ఆగదు. సెలవులకు మా ఊరు వస్తే గేదె ఎందుకు నెమరేస్తుంది, నారుమడిలో నీళ్ళెందుకు నిలబెడతారు అని అడిగి, జవాబు తనే చెప్పేసేది. అలాంటి పిల్ల బడి గేటు దాటగానే మౌనంలోకి వెళ్ళిపోతోంది. తరగతిలో తెలుగు మాట్లాడకూడదు. తనకు ఇంగ్లీషు రాదు. ఇక మిగిలింది ఊరుకోవడమే.

ఇంగ్లీషులో ముందుగా నేర్పిన పూర్తి వాక్యం మే ఐ గో టు టాయిలెట్. ఇంట్లో పదిసార్లు అప్పజెప్పించుకునేవాళ్ళం. ఒకరోజు అవసరం పడ్డప్పుడు ఆ వాక్యం నోటికి రాలేదు. తెలుగులో అడిగితే తిడతారని అడగలేదు. కూర్చున్న చోటే పని అయిపోయింది. ఆయమ్మ చూసి చంకనేసుకుని తీసుకెళ్ళి, కడిగి, బీరువాలో ఉంచిన పాత గౌను తొడిగి, “ఏం కాలేదులే నా తల్లీ, మా పిల్లలూ ఇంతే” అని తిరిగి తెచ్చి కూర్చోబెట్టింది. సాయంత్రం గేటు దగ్గర నా చేతికి తడిబట్టల సంచీ ఇస్తూ “పిల్లని ఏమనమాకండమ్మా” అంది. ఆ ఏడాది మా పిల్లకు ఆ బడి మీద నమ్మకం ఏ మాత్రమైనా నిలిచిందంటే, ఆయమ్మ నోటి తెలుగే దానికి ఆధారం.

ఇంకొకటి జరిగింది. ఒక రాత్రి పడుకోబోయే ముందు జపం చెప్పుకుంటుంటే మా మనవరాలు అడిగింది. “అమ్మమ్మా, బడిలో ఉండే యేసయ్యకు తెలుగు రాదా?” ఇంట్లో తెలుగులో చెప్పే జపాన్నే బడిలో ఇంగ్లీషులో చెప్పిస్తున్నారు మరి. వచ్చమ్మా, ఆయనకు అన్ని భాషలూ వచ్చు అన్నాను. పిల్ల నిద్రపోయింది. ఆ ప్రశ్న నన్ను మాత్రం నా మొదటి బడి దగ్గరికి తీసుకుపోయింది.

నేను 1963లో బడిలో చేరాను. ఫిరంగిపురం దగ్గర పల్లె. లండన్ పక్కనున్న మిల్‌హిల్ నుంచి ఫాదర్లు 1875లో మన తెలుగు ప్రాంతాలకు వచ్చాక, ఫిరంగిపురంలో ఫాదర్ థియోడర్ డిక్‌మన్ వంటివాళ్ళు గుడి ఎంతో బడి అంతే ముఖ్యమని పనిచేశారు. ఆ వరసలో చుట్టుపక్కల పల్లెల్లో రోమన్ కాథలిక్ మిషన్ వాళ్ళ ఆర్.సి.ఎం. పాఠశాలలు లేచాయి. మాది తాటాకు పాక. ఆదివారం గుడి, మిగతా రోజులు బడి. బడి రోజుల్లో పీఠం మీద తెల్లగుడ్డ కప్పి ఉంచేవారు. పాఠాలు చెప్పేది ఉపదేశి మాస్టారు. జపాలు నేర్పేదీ ఆయనే, చావు ఇంట్లో ప్రార్థన చేసేదీ ఆయనే, ఉత్తరం వస్తే చదివి పెట్టేదీ ఆయనే. మా పేట పిల్లల్ని ఊరి బడిలో గోడవారగా విడిగా కూర్చోబెట్టిన రోజులు మా నాన్నకు తెలుసు. ఆయన చదువు అక్కడితో ఆగిపోయింది. తన కూతురు ఆ పాకలో ముందు వరసలో చాప మీద కూర్చోవడం చూడడానికి ఆయన పొలం పనికి వెళ్ళబోతూ రోజూ గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగేవాడు.

మాస్టారు పలకా బలపం ముట్టుకోనిచ్చే ముందు ఒక పని చేసేవారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, “పొద్దున ఏం తిన్నావమ్మా?” అని అడిగేవారు. చద్దన్నం అన్నవాళ్ళుంటారు, జొన్న రొట్టె అన్నవాళ్ళుంటారు, పచ్చిమిరపకాయ కూడా ఉందని గొప్పగా చెప్పేవాళ్ళుంటారు. ఏమీ తినని పిల్లలు ముందు తలొంచుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు వాళ్ళు కూడా “ఏం లేదండీ” అని మామూలుగా చెప్పడం నేర్చుకున్నారు. మధ్యాహ్నం పాలపొడి కలిపిన పాలు పోసేటప్పుడు మాస్టారు వాళ్ళ గ్లాసులు నిండుగా పోసేవారు. అందరూ మాట్లాడాకే ఇసుక పరిచేవారు. వేలు పట్టుకుని అ దిద్దించేవారు. మేం మాట్లాడిన మాటల్లోంచే అక్షరం తీసేవారు. అ అంటే అన్నం, అంబలి. జ అంటే జొన్న. అక్షరం మా నోట్లో ముందే ఉంది, ఇసుకలోకి దిగడమే తరువాయి.

చాలా ఏళ్ళ తరవాత ట్రైనింగులో మారియా మాంటిస్సోరీ గురించి చదివినప్పుడు మాస్టారు గుర్తొచ్చారు. ఆమె కూడా కతోలికురాలే. 1907లో రోము నగరంలో కూలి జనం ఉండే సాన్ లొరెంజో పేటలో తొలి బాలల గృహం తెరిచింది. 1939లో మన దేశానికి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఇక్కడే ఉండి, మద్రాసు అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. రాయడం రాకముందే పిల్లల చేత గరుకు కాగితపు అక్షరాల మీద వేలు పెట్టి దిద్దించమని చెప్పింది ఆమె. మా ఉపదేశి మాస్టారికి ఆమె పేరు తెలిసి ఉండదు. పిల్లల్ని దగ్గరగా చూసేవాళ్ళు ఎక్కడున్నా ఒకేచోటికి చేరతారని నాకనిపిస్తుంది.

ఆ రోజుల్లో పూజ లాటిన్‌లో జరిగేది. నెలకోసారి ఫిరంగిపురం నుంచి స్వాములవారు వచ్చి, పీఠం వైపు తిరిగి, మాకు ఒక్క ముక్క అర్థంకాని భాషలో పూజ చేసేవారు. భక్తి ఉండేది, మాట అందేది కాదు. మా పెద్దవాళ్ళు పూజ జరుగుతుండగానే తమ పాటికి తాము తెలుగులో జపమాల చెప్పుకునేవాళ్ళు. సరిగ్గా నేను బడిలో చేరిన ఏడే, 1963 డిసెంబరు 4న, రోములో రెండవ వాటికన్ మహాసభ దైవార్చన గురించిన పత్రాన్ని ఆమోదించింది. ప్రజల భాషలో పూజ జరగడానికి తలుపు తీసింది ఆ పత్రమే. కొన్నేళ్ళలో స్వాములవారు మా వైపు తిరిగి నిలబడ్డారు, తెలుగులో మాట్లాడారు. మా నాయనమ్మ చూపు సరిగా ఆనని మనిషి. మొదటిసారి పూజంతా తెలుగులో విని ఇంటికొచ్చి, “దేవుడు మన ఇంటికొచ్చి మాట్టాడినట్టుందే” అంది.

ఇక్కడే నా మనసు ఆగిపోతుంది. వందల ఏళ్ళ లాటిన్ ఆచారాన్ని పక్కనపెట్టి, ప్రజలు దేవుడితో తమ భాషలో మాట్లాడాలని నిర్ణయించుకున్న కతోలిక శ్రీసభ మనది. అలాంటి శ్రీసభ బడిలో నాలుగేళ్ళ పిల్ల మరుగుదొడ్డికి వెళతానని తన భాషలో అడగలేకపోవడం ఏం న్యాయం? ఈ మాట నేను కోపంతో అనడం లేదు. మా ఇంటి మనిషిని అడిగినట్టు అడుగుతున్నాను.

అసలు కతోలిక గురువులు తెలుగును నెత్తిన పెట్టుకున్న చరిత్ర మనకుంది. పద్దెనిమిదో శతాబ్దంలో తెలుగు సీమల్లో తిరిగిన ఫ్రెంచి జెస్విట్ ఫాదర్ కూర్దూ తెలుగు, సంస్కృతం నేర్చుకుని, సంస్కృతానికీ లాటిన్ గ్రీకులకూ ఉన్న చుట్టరికాన్ని 1767లోనే పారిస్ పండితులకు రాసి పంపాడు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను వేదాంత రసాయనమనే పద్యకావ్యంగా తెలుగులో రాశాడు. సముద్రాలు దాటి వచ్చినవాళ్ళు మన మాట కోసం అంత కష్టపడ్డారు. ఆ మాటతోనే పుట్టిన పిల్లను దాన్ని గేటు దగ్గర దించి రమ్మంటున్నాం.

పొద్దుట అసెంబ్లీలో పిల్లలు కుడిచెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ చెబుతారు. ఇంగ్లీషులో చెబుతారు. ఎల్‌కేజీ పిల్లలకు చివరి మాటలు మాత్రమే అందుతాయి, వాటిని గట్టిగా అరుస్తారు. దేశమంతా చెప్పే ఆ ప్రతిజ్ఞ పుట్టింది తెలుగులో. నల్లగొండ జిల్లా అన్నెపర్తి నుంచి వచ్చి విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్న పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో దాన్ని రాశారు. అది తెలిసిన టీచర్లు ఎంతమంది ఉన్నారో! వారానికి ఒక్కరోజైనా దాన్ని పుట్టిన భాషలో చెప్పిస్తే ఆ చిన్న నోళ్ళకు మొదటి నుంచి చివరిదాకా అందుతుంది.

ఇంగ్లీషు వద్దని నేననను. అనే హక్కు నాకు లేదు. మా అమ్మాయి నాతో వాదించినప్పుడు ఆమె మాటలో నిజం నాకు కనపడింది. “అమ్మా, తెలుగు నీకు ఉద్యోగం ఇచ్చింది. హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళ్ళి, ప్రశ్న అర్థమై కూడా జవాబు చెప్పలేక తిరిగొచ్చింది నేను. నా కూతురికి అది రావద్దు” అంది. మా పేటల్లో పుట్టినవాళ్ళకు ఇంగ్లీషు మీద ఉన్న ఆశ ఫ్యాషను కాదు. తరతరాలుగా మూసిన తలుపుల్లో అదొకటి. డబ్బున్నవాళ్ళ పిల్లలు దాన్ని ఎప్పుడో దాటి వెళ్ళిపోయారు. ఇప్పుడు మా పిల్లలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాతృభాష గొప్పదని పాఠం చెప్పడం అన్యాయం. నేను చదివిన ఆర్.సి.ఎం. బడి ఇప్పుడు లేదు. అలాంటి ఎయిడెడ్ బడులు రాష్ట్రంలో ఎన్నో పిల్లలు లేక, టీచర్లు లేక నీరసించాయి. 2021లో ప్రభుత్వం ఎయిడ్ వదులుకోమని యాజమాన్యాలను కదిపాక మరికొన్ని వెనక్కి తగ్గాయి. పల్లె తల్లులు ఆటోల్లో పిల్లల్ని కుక్కి టౌను ఇంగ్లీషు బడులకు పంపుతున్నారు. వాళ్ళను తప్పుపట్టేవాళ్ళు ముందు తమ పిల్లలు ఎక్కడ చదివారో చెప్పాలి.

నేను అడిగేది ఒక్క ఏడాది. మొదటి ఏడాది. పుస్తకాలు ఇంగ్లీషువే ఉండనివ్వండి, రైమ్స్ ఇంగ్లీషులోనే పాడించండి, పాడితే వినడానికి నాకూ ముద్దుగానే ఉంటుంది. పిల్ల తనంతట తాను చెప్పదలచుకున్నది మాత్రం తనకొచ్చిన భాషలో చెప్పుకోనివ్వండి. ఆకలి, నొప్పి, భయం, పక్కపిల్ల మీద చాడీ, పొద్దున ఇంట్లో జరిగిన సంగతి, ఇవన్నీ తెలుగులోనే వస్తాయి. వాటిని విన్న టీచరు ఇంగ్లీషులో జవాబు చెప్పినా పిల్ల అర్థం చేసుకుంటుంది, నాలుగు నెలలకు సగం మాటలు తనే తిప్పి చెబుతుంది. రెండు భాషల ఇళ్ళలో పెరిగే పిల్లల్ని చూసిన ఎవరికైనా ఇది తెలుసు. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించమంది. నేను అంత కూడా అడగడం లేదు.

ఇది జరగనిది కాదని నాకు డిసెంబరులో తెలిసింది. క్రిస్మసుకు ముందు వచ్చే ఆగమన కాలం మొదలవగానే బడి ఆవరణలో పశువుల పాక కట్టడం మొదలెట్టారు. పాక ముందు పచ్చటి చేను ఉండాలని మట్టి మూకుళ్ళలో వడ్లు చల్లించే పని ఎల్‌కేజీ పిల్లలకు ఇచ్చారు. ఆ పని చూసే చిన్న సిస్టరు కేరళ అమ్మాయి. ఆ ఏడే మన రాష్ట్రానికి వచ్చింది, తెలుగు నేర్చుకుంటోంది. పిల్లలు పొడి వడ్లు చల్లబోతుంటే మా మనవరాలు సిస్టరు చెయ్యి పట్టుకుని ఆపిందట. “అట్టా చల్లితే రాదు సిస్టర్. ముందు నానబెట్టాలి. గోనెసంచిలో మూటగట్టాలి. తెల్లగా మొలక రావాలి” అని. సిస్టరు కూర్చుని, “మొలక? వాట్ ఈజ్ మొలక?” అని అడిగింది. పిల్ల వేలి కొస చూపించి ఇంత అంది. నారు అంటే ఏంటో, మడిలో నీళ్ళు ఎక్కువైతే ఎందుకు కుళ్ళుతుందో, ఎండ తగలాలని, కాకులు తినకుండా గుడ్డ కప్పాలని, మా ఊళ్ళో చూసిందంతా చెప్పింది. సిస్టరు ఒక్కో మాటా తిరిగి పలుకుతూ తన నోటుపుస్తకంలో మలయాళం అక్షరాల్లో రాసుకుంది. మర్నాడు పిల్ల చేత అందరి ముందూ చెప్పించి, వడ్లు నానబెట్టించింది. క్రిస్మసుకు మూకుళ్ళలో పైరు జానెడు లేచింది. ఇదంతా నాకు చెప్పింది ఆయమ్మే. చెబుతూ ఆమె పడ్డ సంతోషం నేను మరవలేను.

ఆ తరవాత తరగతిలో మా పిల్ల మౌనం వదిలింది. జనవరిలో వచ్చిన డైరీలో ఇప్పుడు మాట్లాడుతోంది అని రాశారు, పక్కన నవ్వుమొహం బొమ్మ వేశారు. మాట్లాడుతున్నది ఇంగ్లీషే. సగం తప్పులు, అయినా ఆగదు. ఆ సిస్టరు కనపడితే మాత్రం పరిగెత్తుకెళ్ళి తెలుగులో కొత్త మాటలు నేర్పి వస్తుంది. ఫిబ్రవరిలో గుణదల మరియ తల్లి ఉత్సవానికి వెళ్ళినప్పుడు కొండ మెట్ల మీద ఒక్కో మెట్టుకూ ఇంగ్లీషులో అంకెలు లెక్కపెట్టింది. లెక్క తెలిసినంతవరకు అయిపోయాక తెలుగులో మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

మార్చి చివర హెడ్మిస్ట్రెస్ సిస్టరు గారిని కలిశాను. వయసులో నాకంటే చిన్నదైనా మా అలవాటు ప్రకారం అమ్మగారూ అనే పిలిచాను. నేను అడిగినవి చిన్నవే. కొత్తగా చేరే ఎల్‌కేజీ పిల్లలు దసరా దాకా తమ అవసరాలు తెలుగులో చెప్పుకోవచ్చని టీచర్లకు చెప్పండి. పొద్దున హాజరు వేశాక పది నిమిషాలు ఒక్కొక్కరినీ పేరుపెట్టి ఏం తిన్నావని అడగండి, జవాబు ఏ భాషలో వచ్చినా వినండి. ఆయమ్మలను వారానికోసారి తరగతిలో కూర్చోబెట్టి కథ చెప్పించండి. వాళ్ళ దగ్గర ఉన్న తెలుగు టీచర్ల దగ్గర కూడా లేదు.

ఆమె శ్రద్ధగా విన్నారు. కాదనలేదు. కాసేపటికి, “అమ్మా, మాకు అభ్యంతరం లేదు. పిల్ల నోట తెలుగు వినపడితే మా మీద ఫిర్యాదు తెచ్చేది తల్లిదండ్రులే. ఇంత ఫీజు కట్టి తెలుగు నేర్పించుకోవాలా అని అడుగుతారు. వాళ్ళను మీరు ఒప్పించగలరా?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. పది నిమిషాల మాటలకు మాత్రం జూన్ నుంచి ఒక సెక్షనులో మొదలుపెడదామన్నారు, వీలైతే నన్ను వచ్చి కూర్చోమన్నారు. ఒప్పుకున్నాను.

ఈ వేసవి సెలవుల్లో ఆ సెక్షనులో చేరబోయే పిల్లల ఇళ్ళకు వెళ్ళి మాట్లాడుతున్నాను. ఆటో నడిపే ఒక తండ్రి వెంటనే సరేనన్నాడు. బట్టల కొట్టులో పనిచేసే ఒక తల్లి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, అంతా విని, “మాకొద్దండీ టీచరుగారూ, మా పిల్ల ఇంగ్లీషే మాట్లాడాలి” అని కచ్చితంగా చెప్పింది. ఆమె జీతంలో సగం ఆ ఫీజుకే పోతుంది. ఆమె మాట కాదనడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. పిల్లను జూన్‌లో మొదటి వారం తరగతిలో చూసి, ఏం మాట్లాడిందో వచ్చి చెబుతానన్నాను. రమ్మంది.